పది నిమిషాలకే ఆగిపోతున్న పూల్ రోబో: బరువెక్కి ఆగిందా, తెగి ఆగిందా?

హైదరాబాద్‌లో ఒక అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్ ఈతకొలను. పొడవు 16 మీటర్లు, వెడల్పు 7, లోతు ఒక కొసన 1.2, రెండో కొసన 1.5 మీటర్లు. సుమారు 1,51,000 లీటర్ల నీళ్లు. నేల, గోడలు నున్నటి సిరామిక్ టైల్స్. నింపేది బోరు నీళ్లతో. అడుగు తుడవడానికి రోబో క్లీనర్ వాడుతున్నారు: ఒడ్డున సప్లై బాక్స్, దాన్నుంచి 18 మీటర్ల తేలే కేబుల్, కేబుల్ చివర నీళ్లలో మెషిన్. సప్లై 230 వోల్టుల ఏసీని 29 వోల్టుల డీసీగా మార్చి పంపుతుంది. మెషిన్ కడుపులో సీలు చేసిన డబ్బా, అందులో రెండు మోటార్లు. ఒకటి ట్రాక్‌లను (చక్రాల మీది రబ్బరు బెల్టులను) నడిపేది, రెండోది ఇంపెల్లర్‌ను, అంటే రెక్కల చక్రాన్ని తిప్పి నీళ్లు పీల్చేది. వాటి పక్కనే సర్క్యూట్ బోర్డు.

పూల్ ఆపరేటర్ చెప్పిన ఫిర్యాదు రెండు ముక్కల్లో ఉంది: "పది నిమిషాలు తిరుగుతది సార్, ఠక్కున ఆగిపోతది. మళ్లా ఆన్ చేస్తే మళ్లా మొదట్నుంచి మొదలువెడ్తది." అంతకు ముందు నెల రోజులుగా గోడలెక్కడం మానేసింది, పూల్‌లో ఒక సగాన్నే పదే పదే తుడుస్తోంది. అప్పటికే ఒక ఎలక్ట్రీషియన్ చూసి మోటార్ పోయిందని తేల్చాడు. మోటార్ యూనిట్ కొటేషన్ అసోసియేషన్ చేతికి వచ్చేసింది. ఈ మెషిన్లలో అన్నిటికన్నా ఖరీదైన పార్టు అదే. అందుకే దాని మీద అనుమానం ఆఖర్న రావాలి, మొదట కాదు.

ఆగిపోవడంలో రకాలు

రోబో ఆగిపోయిందంటే చూసేవాడికి ఒకేలా కనిపిస్తుంది. కానీ ఆగడం మూడు రకాలు. మోటార్ మీద బరువు (లోడ్) ఎక్కువై, కరెంటు పరిమితి దాటి, సప్లై తనను తాను కట్ చేసుకోవడం ఒకటి. దారిలో ఎక్కడో తీగ తెగి కరెంటు అందకపోవడం రెండోది. ఎండలో పెట్టిన సప్లై వేడెక్కి ఆగడం మూడోది. మే నెల హైదరాబాద్ ఎండలో ఈ మూడోది బాగా ఎక్కువ. కానీ ఇక్కడ సప్లై గొడుగు నీడలో, పూల్ అంచుకు మూడున్నర మీటర్ల దూరంలోనే ఉంది. పైగా ఆగిన వెంటనే స్విచ్ వేస్తే మళ్లీ నడుస్తోంది. వేడికి ఆగిన సప్లై అంత తొందరగా తేరుకోదు, చల్లబడేదాకా మొండికేస్తుంది. కాబట్టి మూడోదాన్ని పక్కన పెట్టాం.

మిగిలిన రెండూ పూర్తిగా ఎదురెదురు జబ్బులు. ఒకదానిలో కరెంటు పెరిగి ఆగుతుంది, రెండోదానిలో సున్నా అయి ఆగుతుంది. సక్షన్ హోస్ మీద నడిచే పాతరకం క్లీనర్ అయితే ఫిల్టర్ మీది గేజ్ ఎంతో కొంత సూచన ఇస్తుంది. కరెంటు రోబోకు ఆంపియర్లే నాడి. నాడి చూడకుండా స్క్రూడ్రైవర్ పట్టుకుంటే దొరికిన మొదటి తప్పును సరిచేసి, రెండోదాన్ని లోపలే వదిలేసి వస్తాం. ఈ కేసులో సరిగ్గా రెండు తప్పులూ ఒకే మెషిన్‌లో ఉన్నాయి.

నాడి చూసే పద్ధతి

ముందుగా మెషిన్ కేబుల్ ఊడదీసి సప్లైని ఒంటరిగా ఆన్ చేశాం. లైట్ నిలకడగా వెలిగింది, అవుట్‌పుట్ దగ్గర మల్టీమీటర్ 29.3 వోల్టులు చూపింది. కొన్ని మోడళ్లలో మెషిన్ తగిలిస్తే తప్ప సప్లై వోల్టేజీ ఇవ్వదు, కాబట్టి ఇక్కడ సున్నా కనపడ్డంత మాత్రాన సప్లై పోయిందనుకోకూడదు. కేబుల్ లేనప్పుడు బాగుండి, కేబుల్ తగిలించగానే లైట్ ఆరిపోతుంటే షార్ట్ కేబుల్‌లోనో మెషిన్‌లోనో ఉన్నట్టు.

ఆ తర్వాత సప్లై సాకెట్‌కూ కేబుల్ ప్లగ్‌కూ మధ్య రెండు విడి వైర్లతో జానెడు జంపర్ కట్టాం. దీనికి కారణం ఉంది. క్లాంప్ మీటర్‌ను (తీగ చుట్టూ పట్టి కరెంటు కొలిచేదాన్ని) రెండు కోర్లు, అంటే రెండు లోపలి తీగలున్న మొత్తం కేబుల్‌కు తగిలిస్తే వెళ్లే కరెంటు, వచ్చే కరెంటు ఒకదాన్నొకటి కొట్టేసుకుని మీటర్ సున్నా చూపిస్తుంది. ఒక్క వైరునే పట్టుకోవాలి. అది కూడా డీసీ కొలిచే క్లాంప్ మీటర్ అయి ఉండాలి. ఎలక్ట్రీషియన్ల దగ్గర మామూలుగా ఉండే ఏసీ క్లాంప్ ఇక్కడ పనికిరాదు. సగం మంది "కరెంటే రావట్లేదు" అని తేల్చేసేది ఈ పొరపాటు వల్లే.

మెషిన్‌ను నీళ్లలోనే నడిపి చూడాలి. ఒడ్డున పెట్టి ఆన్ చేసి చూసే అలవాటు చాలామందికి ఉంది. షాఫ్ట్ సీల్‌కు, అంటే మోటార్ ఇరుసు చుట్టూ నీళ్లను ఆపే రబ్బరుకు, చల్లదనం, తడి రెండూ నీళ్లే ఇస్తాయి. పొడిగా తిప్పిన ప్రతిసారీ సీల్ పెదవి కొంత అరుగుతుంది. అది అరిగాక నీళ్లు మోటార్ డబ్బాలోకి దిగుతాయి, అప్పుడు నిజంగానే మోటార్ పోతుంది.

నీళ్లలో దించి, బోర్లా తిప్పి గాలి బుడగలు ఆగేదాకా ఊపి, అడుగుకు కూర్చోబెట్టి ఆన్ చేశాం. మొదట్లోనే 5.9 ఆంపియర్లు. నాలుగో నిమిషానికి 6.6. తొమ్మిదో నిమిషంలో 7 దాటింది, సప్లై లైట్ మిణుకుమంటూ కట్ అయింది. ఈ సైజు మెషిన్ 4 నుంచి 5 ఆంపియర్ల మధ్య నడవాలి. నిమిషానికి నిమిషం కరెంటు పెరుగుతోందంటే ఏదో తిరగలేక ముక్కుతోందన్నమాట. ఇది మొదటి రకం.

ఇంపెల్లర్ వెనక ఏముంది

పైనున్న నీటి అవుట్‌లెట్ మూత నాలుగు స్క్రూలతో వస్తుంది. కింద ఇంపెల్లర్. ముందు నుంచి చూస్తే అంతా శుభ్రంగానే ఉంది, ఇది మోసం. జుట్టు ఎప్పుడూ రెక్కల మీద ఉండదు. రెక్కల వెనక, షాఫ్ట్ బయటికొచ్చే చోట చుట్టుకుంటుంది. ఇంపెల్లర్‌ను చేత్తో కదలకుండా పట్టి నడుమ స్క్రూ విప్పి పైకి తీస్తే, కింద వేలి మందాన తాడులా పేనుకున్న జుట్టు, దానిలో కలిసిపోయిన స్విమ్‌సూట్ దారాలు, తెగిన జడ రబ్బరు ఒకటి బయటపడ్డాయి. ఆ చుట్ట మీద సున్నం గారపట్టి అట్టలా గట్టిపడింది. అందుకే వేడెక్కేకొద్దీ, ఉబ్బేకొద్దీ బ్రేకు పట్టినట్టు షాఫ్ట్‌ను పట్టేసింది.

దీన్ని తీసేటప్పుడు బ్లేడును షాఫ్ట్‌కు అడ్డంగా ఆడించకూడదు. పొడుగునా ఒక్క గాటు పెట్టి, ముక్కుపటకారుతో విప్పుతూ లాగాలి. షాఫ్ట్ మీద గీత పడితే ఆ గీత గుండానే సీల్ కారుతుంది. చుట్ట పోయాక షాఫ్ట్‌ను వేళ్లతో పట్టి పక్కలకు ఊపి చూశాం, ఆట లేదు. తిప్పితే మెత్తగా, మాగ్నెట్ల పట్టు మాత్రం తెలిసేలా మెట్లుమెట్లుగా తిరిగింది. ఇసుక నలిగినట్టు గరగరమంటే బేరింగ్ పోయినట్టు. పక్కలకు ఊగితే సీల్ కూడా పోయినట్టే లెక్క. రెండూ లేవు. మోటార్ డబ్బాను చెవి దగ్గర పెట్టి ఊపినా నీళ్ల చప్పుడు లేదు. ఇక్కడొక హెచ్చరిక: ఈ డబ్బా మీద 500 వోల్టుల మెగ్గర్ (ఎక్కువ వోల్టేజీతో ఇన్సులేషన్ చూసే మీటర్) పెట్టకూడదు. లోపలున్నది వట్టి మోటార్ కాదు, బోర్డు కూడా ఉంది, ఒక్క దెబ్బకు పోతుంది.

జడ రబ్బరు ఫిల్టర్ దాటి ఎలా వచ్చిందన్నది అసలు ప్రశ్న. మెష్ గుండా అది పట్టదు. ఫిల్టర్ ప్యానెళ్లను వెలుతురుకు అడ్డంగా పట్టి చూస్తే ఒక మూల ప్లాస్టిక్ ఫ్రేమ్ నుంచి మెష్ సుమారు 3 సెంటీమీటర్లు ఊడి ఉంది. కడిగేటప్పుడు ప్రెషర్ వాషర్ గన్‌ను దగ్గరగా పెట్టి కొట్టినందుకు వచ్చిన చిరుగు. మామూలు తోట పైపు ధార చాలు. ఆ ప్యానెల్ మార్చాం. మెషిన్ అడుగున చెత్త లోపలికొచ్చే ద్వారం దగ్గర రబ్బరు తలుపు కూడా గారపట్టి సగం తెరుచుకునే నిలబడిపోయింది. అది మూసుకోకపోతే మెషిన్‌ను నీళ్లలోంచి పైకి తీయగానే పట్టిన చెత్తంతా తిరిగి పూల్‌లోకి జారిపోతుంది. ఆపరేటర్ "ఎంత తిరిగినా ఏం పట్టట్లేదు" అన్నదానికి జవాబు అదే.

గారకు సిట్రిక్ యాసిడ్ వాడాం: లీటరు నీటికి 50 గ్రాములు, ప్లాస్టిక్ టబ్బులో గంటసేపు ఇంపెల్లర్, ప్యానెళ్లు, రబ్బరు తలుపు నానబెట్టి, మెత్తటి బ్రష్‌తో తోమి, మంచినీళ్లతో కడిగాం. మోటార్ డబ్బాను యాసిడ్‌లో ముంచకూడదు. ఆ టబ్బు క్లోరిన్ డబ్బాలున్న గదిలో పెట్టకూడదు. పూల్ క్లోరిన్ పౌడర్ కొంచెం పడినా యాసిడ్‌తో కలిసి క్లోరిన్ గ్యాస్ లేస్తుంది. పంపు గదులు సాధారణంగా గాలి ఆడని నేలమాళిగల్లో ఉంటాయి కాబట్టి ఇది ఊరికే చెప్పే జాగ్రత్త కాదు.

తిరిగి బిగించి నీళ్లలో వేస్తే 4.5 ఆంపియర్లు, నిలకడగా. పది నిమిషాలు దాటింది, ఇరవై దాటింది. చాలామంది ఇక్కడితో సామాన్లు సర్దుకుంటారు.

రెండో ఆగడం

ముప్పై ఎనిమిదో నిమిషంలో మెషిన్ లోతు వైపు గోడను తాకి ముందు భాగం పైకెత్తింది. ఆ క్షణంలో మీటర్ 4.5 నుంచి నేరుగా సున్నాకు పడింది. ఒక సెకను ఉండి మళ్లీ లేచింది. మెషిన్ కాసేపు నిలబడి, స్విచ్ వేసినప్పుడు చేసే మొదటి కదలికలు మళ్లీ మొదలుపెట్టింది. అలా నాలుగైదు సార్లు జరిగి, యాభై రెండో నిమిషంలో పూర్తిగా ఆగిపోయింది. సప్లై లైట్ మాత్రం చెక్కుచెదరకుండా వెలుగుతూనే ఉంది.

ఆ లైటే తేడా చెప్పింది. బరువెక్కి ఆగితే సప్లైకి తెలుస్తుంది, లైట్ మిణుకుతుంది లేదా ఆరుతుంది. తీగ తెగి ఆగితే సప్లైకి ఏమీ తెలియదు, అది తన మానాన తాను వెలుగుతూ ఉంటుంది. "మళ్లా మొదట్నుంచి" అన్న ఆపరేటర్ మాట కూడా ఇప్పుడు అర్థమైంది. కరెంటు రెప్పపాటు పోయినా బోర్డు రీసెట్ అవుతుంది, పూల్ కొలతల కోసం వేసుకున్న లెక్క మర్చిపోయి పని మళ్లీ మొదటికి తెస్తుంది. అందుకే ఒక సగాన్నే తుడుస్తూ పోయింది. దాన్ని ప్రోగ్రాం తప్పనుకుని బోర్డు మార్చినవాళ్లు ఉన్నారు.

లారీ బల్బుతో కేబుల్ పరీక్ష

కేబుల్‌ను రెండు వైపులా ఊడదీసి మల్టీమీటర్‌తో ఓమ్స్ చూస్తే ఒక్కోసారి బాగానే ఉంటుంది. మీటర్ పంపే కరెంటు అతి తక్కువ, తెగకుండా మిగిలిన నాలుగు రాగి పోగుల మీదుగా కూడా అది హాయిగా వెళ్లిపోతుంది. కేబుల్ మీద నిజమైన కరెంటు బరువు (లోడ్) పెట్టాలి. అందుకు రెండు 12 వోల్టుల బ్యాటరీలు వరసలో కలిపి, కేబుల్ రెండో కొసన లారీ హెడ్‌లైట్ బల్బు తగిలించాం. 24 వోల్టుల బల్బు, 75/70 వాట్లది, ఆటోమొబైల్ షాపులో దొరుకుతుంది. ఒక ఫిలమెంట్ చాలు. కాలే బల్బును చేత్తో ముట్టుకోకుండా ఇటుక మీద పెట్టాలి.

బ్యాటరీ దగ్గర 25.2 వోల్టులు. బల్బు దగ్గర 20.4. కరెంటు 3 ఆంపియర్లు. అంటే దారిలోనే 4.8 వోల్టులు పోతున్నాయి. 4.8ని 3తో భాగిస్తే 1.6 ఓమ్‌లు. ఈ కేబుల్ కోర్ 1 చదరపు మిల్లీమీటరు రాగి. రానూ పోనూ 36 మీటర్లకు 0.7 ఓమ్‌లకు మించకూడదు. మిగతా 0.9 ఓమ్‌లు ఎక్కడో ఒకచోట దాక్కున్నాయి. మెషిన్ 4.5 ఆంపియర్లు లాగినప్పుడు ఆ చోట సుమారు 18 వాట్ల వేడి పుడుతుంది, అంటే ఒక చిన్న సోల్డరింగ్ ఐరన్ తినేంత. మెషిన్‌కు 29కి బదులు 22 వోల్టులే అందుతాయి. చదును నేల మీద దాంతో నెట్టుకొస్తుంది. గోడెక్కబోయి ఎక్కువ కరెంటు అడిగేసరికి వోల్టేజీ ఇంకా పడిపోయి బోర్డు చేతులెత్తేస్తుంది.

చోటు పట్టడానికి బల్బు వెలుగుతుండగానే కేబుల్‌ను సప్లై కొస నుంచి అడుగు అడుగుకీ మెల్లగా వంచుతూ రావాలి. పదహారున్నర మీటర్లు ఏమీ లేదు. మెషిన్‌కు 1.2 మీటర్ల దూరంలో వంచగానే బల్బు కన్నుకొట్టింది. అక్కడ పై తొడుగు మీద పగులు లేదు. వేలితో తడిమితే చిన్న నొక్కుడు, కొంచెం తెల్లబారిన రంగు, సూదిమొన అంత బెజ్జం. బ్లేడుతో పొడుగునా చీలిస్తే లోపల రాగి పోగులు నల్లగా మారి, పైన పచ్చటి చిలుము పౌడర్ లాగా రాలింది. క్లోరిన్ నీళ్లు ఆ బెజ్జంలోంచి దూరి, పోగుల మధ్య సందుల్లో దీపం వత్తి నూనె పీల్చినట్టు రెండు వైపులా పాకిపోయాయి. ఎర్రటి, మెరిసే రాగి కనపడేదాకా కత్తిరిస్తూ పోతే అటు 65, ఇటు 60 సెంటీమీటర్లు పోయింది.

1.2 మీటర్ల దగ్గరే ఎందుకంటే, ఒడ్డున నిలబడి మెషిన్‌ను పైకి లాగేటప్పుడు చెయ్యి పట్టేది అక్కడే. పది కిలోల మెషిన్, లోపల నీళ్లు నిండి ఉంటే అంతకు మించి. ఆ బరువంతా గట్టు అంచు టైల్ మీద ఒరుసుకుంటూ కేబుల్ మీద పడుతుంది. కేబుల్‌ను ఉపయోగించి మెషిన్‌ను ఒడ్డు దాకా మాత్రమే తెచ్చుకోవాలి. తర్వాత వంగి హ్యాండిల్ పట్టుకుని, సగం పైకెత్తి పది పదిహేను సెకన్లు నీళ్లు కారనిచ్చి, అప్పుడు బయటకు తీయాలి.

జాయింటా, కొత్త కేబులా?

ఈ మోడల్‌లో మెషిన్ వైపు ప్లగ్ కేబుల్‌తో కలిపి పోతపోసి ఉంటుంది, కోసి మళ్లీ బిగించే వీలు లేదు. కొత్త కేబుల్ ఆర్డర్ పెట్టాం. నీళ్లలో ఉండే కేబుల్‌కు జాయింట్ శాశ్వతం కాదు. కానీ అది వచ్చేదాకా పూల్‌ను మూయలేరు కాబట్టి తాత్కాలికంగా వేశాం. 29 వోల్టుల డీసీ కాబట్టే ఇది చేయదగిన పని.

రెండు కోర్లనూ ఒకే చోట కలపకూడదు, 4 సెంటీమీటర్లు వెనకా ముందూ ఉండాలి. ఒక్కో కోర్‌ను క్రింప్ చేసి, పైన సోల్డర్ పట్టించి, లోపల జిగురుండే హీట్ ష్రింక్ స్లీవ్ వేశాం. మొత్తం మీద 20 సెంటీమీటర్ల పెద్ద స్లీవ్, మూడింతల నుంచి ఒక వంతుకు కుంచించుకునే రకం. తేలే కేబుల్ తొడుగు నురగలాంటిది, నున్నగా ఉంటుంది, జిగురు పట్టదు. 120 నంబర్ ఉప్పుకాగితంతో గరుకు చేసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచాకే స్లీవ్ ఎక్కించాలి. హీట్ గన్ ఒకే చోట నిలిపితే లోపలి నురగ కుంగిపోతుంది, కదుపుతూ ఉండాలి. రెండు కొసల్లోనూ జిగురు చుట్టూ గుండ్రంగా బయటికి ఉబికి కనపడితేనే సీలు పడినట్టు. ఆ తర్వాత జాయింట్‌ను ఉప్పు కలిపిన బకెట్ నీళ్లలో గంటసేపు ముంచి, కొసలు బయటే ఉంచి, ఒక్కో కోర్‌కూ నీటికీ మధ్య, రెండు కోర్లకూ మధ్య మెగా ఓమ్ రేంజిలో చూశాం. మీటర్ ఏమీ చూపలేదు, అంటే కరెంటు కారే దారి లేదు, అదే కావాలి. జాయింట్ బరువుకు కేబుల్ మునుగుతుంది కాబట్టి పక్కనే ఒక తేలే రింగ్ కట్టాం.

తొమ్మిది రోజుల్లో కొత్త కేబుల్ వచ్చింది. ప్లగ్ దగ్గర ఓ-రింగ్‌కు సిలికాన్ గ్రీజే రాయాలి. వ్యాజిలిన్, బేరింగ్ గ్రీజు లాంటివి కొన్ని రబ్బర్లను ఉబ్బిస్తాయి, ఆరు నెలలకు రింగ్ వదులై నీళ్లు దిగుతాయి. అదే లారీ బల్బు పరీక్ష మళ్లీ పెడితే దారిలో పోయింది 2.1 వోల్టులు. లెక్కకు సరిపోయింది.

గోడ ఎక్కకపోవడం వేరే కథ

ఇప్పుడు రెండు గంటల సైకిల్ మొత్తం నడుస్తోంది, నేలంతా తుడుస్తోంది. గోడ దగ్గరకొచ్చి ముందు భాగం ఎత్తుతుంది, ఒక అడుగు పైకి పోతుంది, జారిపోతుంది. నేల మీద కూడా కొంచెం కుడికి లాగుతోంది.

గోడను పట్టుకునేది ట్రాక్‌లే అనుకుంటారు. నిజానికి ఇంపెల్లర్ పై నుంచి నీళ్లను బలంగా బయటికి తోస్తుంది, ఆ ఎదురు తోపుడే మెషిన్‌ను నేలకో గోడకో అదిమి ఉంచుతుంది. ఫిల్టర్ నిండిపోతే నీళ్లు తగ్గుతాయి, తోపుడు తగ్గుతుంది, పట్టు పోతుంది. మీటరు లోతులో మెషిన్ నిలబడి ఉన్నప్పుడు పైన నీటి మట్టం మీద స్పష్టంగా బుడిపె లేస్తుంటే తోపుడు బాగున్నట్టు. ఇక్కడ లేస్తోంది. కాబట్టి చూడాల్సింది పట్టు.

కరెంటు తీసేసి, మెషిన్‌ను పక్కకు ఒరిగించి రెండు వైపుల చక్రాలనూ చేత్తో తిప్పాం. ఎడమవి సులువుగా తిరిగాయి. కుడి వైపు వెనక చక్రం బిగుసుకుంది, ప్లాస్టిక్ బుష్ బేరింగ్‌లో గార పేరుకుని. కుడి ట్రాక్ నెమ్మదిగా పోతే మెషిన్ కుడికే తిరుగుతుంది, ఎడ్లబండికి ఒక చక్రం పట్టేసినట్టు. సిట్రిక్ యాసిడ్‌కు కొంత వదిలింది గానీ బుష్ లోపల అప్పటికే కోడిగుడ్డు ఆకారంలో అరిగింది. మార్చాం, రెండు వైపులా జతగా. ఒక వైపే మారిస్తే నెల తిరక్కుండా ఎడమకు లాగడం మొదలవుతుంది.

ఇక బ్రష్‌లు. మెషిన్‌కు ఉన్నవి పీవీసీ రబ్బరు బ్రష్‌లు, పళ్లు అరిగిపోయి నున్నగా తయారయ్యాయి. గరుకు సిమెంటు గోడకు అవి బాగుంటాయి. నున్నటి టైల్‌కు స్పాంజిలాంటి పీవీఏ ఫోమ్ బ్రష్‌లు కావాలి, తడిస్తే అవి టైల్‌ను అతుక్కున్నట్టు పట్టుకుంటాయి. కొత్తవి ప్యాకెట్ తెరవగానే చెక్కలా గట్టిగా ఉంటాయి. చాలామంది అలాగే వంచి చీల్చేస్తారు. పావుగంట నీళ్లలో నానబెట్టి, మెత్తబడ్డాకే రోలర్‌కు చుట్టాలి.

ఇన్ని చేశాక మూడు గోడలు ఎక్కింది, నాలుగోది ఎక్కలేదు. ఎండ తగలని ఉత్తరం వైపు గోడ. అరచేత్తో రుద్దితే టైల్ జిగటగా, సబ్బు రాసినట్టు ఉంది. కంటికి కనపడని పాచి పొర. దానికి మెషిన్ ఏం చేస్తుంది? నైలాన్ బ్రష్‌తో చేత్తో తోమించి, ఆ రాత్రి షాక్ క్లోరిన్ (ఒకేసారి పెద్ద మోతాదు) వేయించాం, రోబోను బయటే ఉంచి. అంత క్లోరిన్‌లో రాత్రంతా నానితే రబ్బరు, ఫోమ్ రెండూ చెడతాయి. మూడో రోజుకు ఆ గోడా ఎక్కింది.

నీళ్ల లెక్క

గార ఇన్ని చోట్ల కనపడ్డప్పుడు పార్టులు మార్చుకుంటూ పోవడంలో అర్థం లేదు. టెస్ట్ కిట్‌తో చూస్తే పీహెచ్ 8.0, ఆల్కలినిటీ (క్షారత) 180 పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు), కాల్షియం హార్డ్‌నెస్ 550. ఈ మూడూ కలిస్తే నీళ్లు సున్నాన్ని పట్టి ఉంచలేవు, ఎక్కడ వేడి, ఎక్కడ రాపిడి ఉంటే అక్కడ దించేస్తాయి. షాఫ్ట్, బేరింగ్ అలాంటి చోట్లే.

ఆల్కలినిటీని 180 నుంచి 110కి దించాలనుకున్నాం. 1,51,000 లీటర్లకు 10 పీపీఎం తగ్గాలంటే 31 శాతం హైడ్రోక్లోరిక్ యాసిడ్ దాదాపు 3 లీటర్లు కావాలి. మొత్తం 70కి 21 లీటర్లు. ఒకేసారి పోయకూడదు. సాయంత్రం ఈత అయిపోయాక రోజుకు 3 లీటర్లు, పంపు నడుస్తుండగా, బకెట్‌లో ముందు నీళ్లు తీసుకుని అందులో యాసిడ్ కలిపి, లోతు వైపు గట్టు వెంట నడుస్తూ పోయాలి. పొద్దున్నే పీహెచ్ చూసి, 7.2 కంటే కిందికి పోయి ఉంటే ఆ రోజు యాసిడ్ మానేసి, రిటర్న్ జెట్‌లు (పూల్‌లోకి నీళ్లు తిరిగొచ్చే మూతులు) పైకి తిప్పి నీళ్లు గలగలలాడేలా చేస్తే పీహెచ్ తిరిగి పెరుగుతుంది, ఆల్కలినిటీ పెరగదు. తొమ్మిది రోజులు పట్టింది. పీహెచ్ 7.4 దగ్గర నిలిచింది.

కాల్షియం యాసిడ్‌తో పోదు, నీళ్లు మార్చాల్సిందే. మూడో వంతు తీసేసి, 150 పీపీఎం ఉన్న ట్యాంకర్ నీళ్లు నింపితే 417 దగ్గరకు వస్తుందని లెక్క. కిట్‌లో 420 చూపింది.

అప్పగించేటప్పుడు

కేబుల్ మెలిపడటం ఇంకా ఒకటి ఉంది. 18 మీటర్లూ నీళ్లలో పారేస్తే ఎక్కువైన భాగం చుట్టలు తిరిగి, మెషిన్‌ను తన వైపు లాగుతుంది. ఈ పూల్‌కు సప్లైని పొడుగు గట్టు నడుమ పెడితే, దూరపు మూలకు 10.6 మీటర్లు, గట్టు మీద 3.5, లోతుకు 1.5. మొత్తం 15.6. అందులో నీళ్లలో ఉండాల్సింది 12 మీటర్లు, మీదు మిక్కిలి ఇంకో అర మీటరు. మెషిన్ నుంచి 12.5 మీటర్ల దగ్గర కేబుల్‌కు ఎర్ర టేపు చుట్టాం, అది గట్టు అంచు దాటి లోపలికి పోకూడదు. మిగిలింది సప్లై పక్కన వదులుగా పరిచి ఉంటుంది. పదిహేను రోజులకోసారి కేబుల్ మొత్తాన్ని ఎండలో తిన్నగా చాపి ఒక పూట వదిలేస్తే మెలికలు వాటంతటవే విడతాయి. స్వివెల్‌ను (కేబుల్ మెలిపడకుండా తిరిగే జాయింట్‌ను) చేత్తో తిప్పి చూడాలి, బిగుసుకుంటే మెలికలు మళ్లీ వస్తాయి.

సప్లై ప్లగ్ పెట్టే సాకెట్‌కు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే కట్ చేసే స్విచ్) లేదు, పెట్టించాం. మెషిన్ నీళ్లలో ఉండగా ఎవరూ ఈతకు దిగకూడదన్న బోర్డు ఉంది గానీ షవర్ వెనక ఉంది, గేటు దగ్గరకు మార్పించాం.

సప్లై ట్రాలీ లోపలి వైపు ఒక స్టిక్కర్ అంటించి దాని మీద శుభ్రమైన ఫిల్టర్‌తో వచ్చిన రీడింగ్ రాశాం: 4.4 ఆంపియర్లు. జంపర్ కూడా ట్రాలీలోనే ఉంది. నెలకోసారి చూసి తేదీతో కింద రాయడం ఆపరేటర్ పని. 5 దాటితే ఇంపెల్లర్ విప్పాలి, ఊగిసలాడితే కేబుల్ చూడాలి. మొదటి నెల 4.4, రెండో నెల 4.7 రాసి ఉంది. విప్పితే ఇంపెల్లర్ వెనక వేలెడు జుట్టు. మెట్ల మూలను మాత్రం ఈ మెషిన్ తుడవలేదు, ఆ సందులో అది పట్టదు. అక్కడ వారానికి రెండుసార్లు చేతి బ్రష్షే.